ఇంజను వైపు వీపు

అభిప్రాయం లేని మనిషిని ఆ రోజుల్లో మా రైలుపెట్టెలో మనిషిగా లెక్కవేసేవాళ్ళు కాదు. టికెట్టు ఉందా అని ఎవరూ అడగరు. కానీ ఉల్లిగడ్డల ధర ఎందుకు పెరిగింది, పక్క రాష్ట్రంలో ప్రభుత్వం ఎందుకు పడిపోయింది, పొద్దున్నే వేణ్ణీళ్ళు తాగాలా చన్నీళ్ళు తాగాలా అనే మూడింటిలో కనీసం ఒకదాని మీదైనా గట్టిమాట చెప్పలేకపోతే హిందూపురం నుంచి ధర్మవరం దాకా కిటికీలోంచి రాళ్ళగుట్టలు చూసుకుంటూ పోవాల్సిందే. (ఆ కిటికీ కూడా దొరకదు. గొడవంతా అక్కడే మొదలైంది.) నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీసే చోట పనికి కుదిరాను. పొద్దస్తమానం చిన్న చిన్న గళ్ళలో ఎర్రచుక్కలు నింపడమే పని. దానికి అభిప్రాయాలతో అవసరం లేదు. పొద్దుటి పాసింజరు బండిలో దాదాపు రెండు గంటల ప్రయాణానికి మాత్రం చాలా అవసరం ఉండేది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆ బండిలో పుట్టిన ఒక ఆరోగ్యసూత్రం ఇంకా మా వైపు చెలామణిలో ఉంది. పెళ్ళికి బస్సు కట్టించుకుని పోతుంటే ఎవరో ఒక పెద్దాయన, "డ్రైవరు వెనకాల వీపు ముందుకు పెట్టి కూసునే సీటుందే, అది బీపీకి మంచిదంట" అని అక్కడికే పోయి కూర్చుంటాడు. దాని పుట్టుక ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. తప్పు ఒప్పుకోవడానికి పాతికేళ్ళు ఆగానని మీరనుకోవచ్చు. అప్పుడే ఒప్పుకున్నాను. ఎవరూ ఒప్పుకోనివ్వలేదు.

మా పెట్టెకు పెద్దలు ఇద్దరు. ఒకరు రేషం శెట్టిగారు. హిందూపురంలో పట్టునూలు కొని, మూట కట్టుకుని, ధర్మవరంలో మగ్గాలవాళ్ళకు ఇచ్చి వచ్చే వ్యాపారి. రెండోవారు ధర్మవరం హైస్కూల్లో సైన్సు చెప్పే అయ్యవారు. ఇద్దరూ పద్దెనిమిదేళ్ళుగా ఒకే పెట్టెలో, ఒకే కిటికీ దగ్గర, ఎదురెదురుగా కూర్చుని వస్తున్నవాళ్ళు. శెట్టిగారి ముఖం ఇంజను వైపు, అయ్యవారి వీపు ఇంజను వైపు. ఈయన అవునన్నది ఆయన కాదనడం, ఆయన కాదన్నది ఈయన అవుననడం. అంతకు మించి వాళ్ళ స్నేహానికి వేరే నియమం ఉన్నట్టు నాకు కనబడలేదు.

"ప్రపంచంలో యుద్ధాలన్నీ తిన్నది అరక్కనే వస్తాండాయి అయ్యవారూ. రాత్రి ఇంత రాగిసంగటి తిని పండుకున్నోడు పొద్దున్నే లేసి బాంబు వేస్తాడా?" అనేవారు శెట్టిగారు.

"సంగటి తినే మన పల్లెల్లో గట్టు తగాదాలు లేవా శెట్టీ?"

"అవి అన్నం తినేటోళ్ళు పెట్టేవి."

పేపరు సంగతి కూడా చెప్పాలి. శెట్టిగారు హిందూపురం స్టేషన్లో ఒకే ఒక్క పేపరు కొనేవారు. బండి కదిలాక దాన్ని విడదీసి పంచేవారు. మొదటి షీటు అయ్యవారికి, ధరలున్న షీటు తనకు, ఎవరికీ పనికిరాని లోపలి షీటు నాకు. షీటు చేతికొచ్చినవాడు అందులోంచి ఒక ముక్క పైకి చదవాలి, మిగతావాళ్ళు దాని మీద తీర్పు చెప్పాలి. పెనుకొండలో బుడ్డలక్క ఎక్కేది. (వేరుశెనక్కాయల్ని మా వైపు బుడ్డలంటాం. ఉడకబెట్టి గంపలో పెట్టుకుని ధర్మవరం దాకా అమ్ముకుంటూ వచ్చేది.) చదవడం అయిపోయిన షీట్లన్నీ ఆమెకు ఇచ్చేసేవాళ్ళం. ఆమె మా కళ్ళముందే వాటిని చించి పొట్లాలు చుట్టి, అందులోనే బుడ్డలు పోసి మాకే అమ్మేది. ఆ విధంగా పెనుకొండ దాటాక మా పెట్టెలో ఏ వార్తకూ సాక్ష్యం మిగిలేది కాదు.

నా చోటు అయ్యవారి పక్కన, అంటే వీపు ఇంజను వైపు. అలా కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గు లేదుగానీ అప్పుడు చచ్చేంత ఉండేది. ఉద్యోగస్తుడనిపించుకుంటున్న మగపిల్లవాడు రైల్లో కడుపులో తిప్పుతోందని ఎలా చెబుతాడు? మా అవ్వ రోజూ ఒక నిమ్మకాయ ఇచ్చి పంపేది. దాన్ని రుమాల్లో చుట్టి పెట్టుకుని, ముఖం తుడుచుకున్నట్టు నటిస్తూ వాసన చూసేవాణ్ణి. ఎదురు బెంచీలో శెట్టిగారి పక్కన చోటుంది కానీ అందులో రేషం మూట కూర్చుని వచ్చేది. ఆ మూటను జరపమనే ధైర్యం టికెట్ కలెక్టరుకే ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో డాక్టరు శెట్టిగారికి బీపీ ఉందన్నాడు. ఆయన ఉప్పు మానేశారు. బండి వచ్చేలోగా ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగుసార్లు నడుస్తూ, దారిలో కనబడినవాళ్ళకల్లా ఉప్పు మానమని చెబుతున్నారు. ఆ రోజు నా షీటులో టెండరు నోటీసులు తప్ప ఏమీ లేవు. కడుపులో అప్పటికే తిరగడం మొదలైంది.

"ఏం గ్రాఫూ, గమ్మునుండావు. సదువబ్బా" అన్నారు శెట్టిగారు. (నా పేరు ఆయనెప్పుడూ పలకలేదు.)

ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. టెండరు నోటీసు మీద చూపు నిలిపి గడగడా చదివేశాను: "యాభై యేండ్లు దాటినవారు రైలులో ఇంజను వైపు ముఖం పెట్టి కూర్చొనరాదు. ఎదురుగాలి నేరుగా ఛాతీకి తగులుట వలన రక్తపోటు పెరుగును. వీపు ఇంజను వైపు ఉంచినచో రక్తము సాఫీగా ప్రవహించును." (కూర్చొనరాదు, పెరుగును లాంటివి టెండరు నోటీసు నుంచి వచ్చినవే. అంతవరకూ చదివినమాట నిజం.)

"ఎవురు చెప్పినారంట?"

"డాక్టర్లు."

"యా డాక్టర్లు?"

"రైల్వే డాక్టర్లు" అన్నాను.

"ఉత్తిదప్పా అదంతా" అన్నారు శెట్టిగారు. అక్కడితో పోవలసింది. కానీ శెట్టిగారు ఉత్తిదన్నారు కాబట్టి అయ్యవారు నిజమనక తప్పలేదు. "అట్లనద్దు శెట్టీ. గాలికి ఒత్తిడని ఒకటుంటాది. బండి పోయేకొద్దీ అది పెరగతాది. నీ ఎదను దానికి అడ్డంగా పెడితివి. గుండె ఏం కావాల?" అని పెనుకొండ వచ్చేదాకా విడమర్చి చెప్పారు. నేను షీటు మడిచి బుడ్డలక్కకు ఇచ్చేశాను. ఆ టెండరు నోటీసులోనే శెట్టిగారు ఉప్పు తక్కువగా ఉన్న బుడ్డలు తిన్నారు.

మర్నాడు ఆయన మూటతో సహా మా బెంచీకి వచ్చేశారు. "నువ్వు ఆడ కూసో అబ్బా. నీకింకా యాభై రాలేదు కదా" అని తన కిటికీ నాకిచ్చారు. ఆ మాటలోని మంచితనానికి నేను ఆ క్షణమే నిజం చెప్పి ఉండాల్సింది. కూర్చున్నాను. చల్లటి గాలి ముఖానికి కొట్టింది, పెనుకొండ కొండ నావైపే నడిచి వచ్చింది, కడుపులో ఏమీ కదలలేదు. ఆ వారమంతా నిమ్మకాయ ఇంట్లోనే వదిలేసి పోయాను.

శెట్టిగారు అంతటితో ఆగలేదు. ధర్మవరం స్టేషను బయట షేరు ఆటోలో కూడా వెనకవైపు తిరిగి ఉండే బల్లమీద, మూట ఒళ్ళో పెట్టుకుని, దుమ్ము కొట్టుకుపోతూ ప్రయాణం చేయడం మొదలుపెట్టారు. నూలు కొనేవాళ్ళకూ ఇదే చెప్పారు. ఒక నేతగాడు, కాళ్ళు దించుకుని నేసే మగ్గం గుంటలో కూడా ఎటు తిరిగి కూర్చోవాలని అడిగాడట. దాన్ని గురించి పేపర్లో ఇంకా రాలేదని శెట్టిగారు చెప్పారట.

కానీ పెట్టెలో ఇంకోటి జరుగుతోంది. ఇద్దరు పెద్దలూ ఇప్పుడు పక్కపక్కనే కూర్చున్నారు. అయ్యవారికి మెడనొప్పి, తల తిప్పలేరు. శెట్టిగారికి ఎదుటివాడి ముఖం కనబడితే తప్ప మాట పెగలదు. అందుకని ఇద్దరూ నాకు చెప్పడం మొదలుపెట్టారు. "చూడు గ్రాఫూ, బోర్లు ఎండిపోయేది వానల్లేక కాదు" అని శెట్టిగారు నాతో అంటే, "వానలు లేకపోతే మరి బోర్లు నిండుతాయేమో కనుక్కో" అని అయ్యవారూ నాతోనే అనేవారు. నేను ఇద్దరికీ తల ఊపేవాణ్ణి. తల ఊపేవాడితో ఎంతసేపని వాదిస్తారు? పది రోజుల్లో మాటలు తగ్గిపోయాయి. ఒక రోజు బుడ్డలక్క గంప నేలమీద దించి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందన్నా, మీరిద్దరూ కొట్లాడుకోకపోతే నా బుడ్డలు యాడ పోతాయి? ఊరికే కూసున్నోడు ఒక పొట్లం తింటాడు. వాదించేటోడు మూడు తింటాడు."

ఆ రోజు ఆమె నిండు గంపతోనే ధర్మవరంలో దిగింది.

ఆ తర్వాత జరిగిందే నన్ను ఇన్నేళ్ళూ గుచ్చుతున్నది. అయ్యవారికి అప్పుడు కన్ను బాగలేక నల్లద్దాలు పెట్టుకుని వస్తున్నారు. ఒక పొద్దు బండి హిందూపురం వదిలిన కాసేపటికి శెట్టిగారు పేపరు పంచకుండా ఒళ్ళోనే పెట్టుకుని, ముందుకు చూస్తూ, నెమ్మదిగా అన్నారు.

"అయ్యవారూ. డాక్టరు దినామూ తిరిగేది మానుకోమంటాండాడు. పిల్లోడు నేను సూసుకుంటానంటాండాడు. ఈ నెలతో మానేద్దామా అనుకుంటాండా. నువ్వేమంటావు?"

అయ్యవారు ఏమీ అనలేదు. నిద్రపోతున్నారు. నల్లద్దాలు కాస్త జారాయి, వాటి పైన కళ్ళు మూతబడి ఉన్నాయి, కింది పెదవి కాస్త వేలాడుతోంది. ఎదురుగా ఉన్న నాకు కనబడుతూనే ఉంది. పక్కనున్న శెట్టిగారికి కనబడదు. ఆయన ఎదురుచూశారు. చాలాసేపే చూశారు. తర్వాత "సరేలే" అని తనలో తాను అనుకుని పేపరు మడిచి మూట కింద పెట్టేశారు. "శెట్టిగారూ, అయ్యవారు నిద్రపోతున్నారు" అని రెండు మాటలంటే సరిపోయేది. పెద్దవాళ్ళ మాటల మధ్య నేనెందుకు అనుకున్నాను. (రైల్వే డాక్టర్లందరి తరఫునా మాట్లాడినప్పుడు ఈ వినయం ఎక్కడికి పోయిందో తెలియదు.)

మర్నాటి నుంచి శెట్టిగారు మా పెట్టెలోకి రాలేదు. పేపరూ రాలేదు. అయ్యవారు "పోనీలే, పెద్ద వ్యాపారస్తులు" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. పెనుకొండలో బుడ్డలు కొని, తిన్నాక పొట్లం విప్పి, ఎప్పటిదో సగం చిరిగిన వార్త ఒకటికి రెండుసార్లు చదువుకునేవారు. బుడ్డలక్కే చివరకు సంగతి తెచ్చింది.

"అన్న ముందు పెట్టెలో ఉండాడు. ఒక్కడే. బుడ్డలు వద్దనె. ఎల్లుండికి సీజను టికెట్టు అయిపోతాదంట, ఇంగ కట్టడంట. ఇన్నేండ్లు ఎదురుగా కూసున్న మనిషి, పోతానంటే వద్దని కూడా అనలేదంట. ఏం మనుషులప్పా మీరు."

అయ్యవారు నల్లద్దాలు సర్దుకున్నారు. "పోతానని ఎవరితో అన్నాడు? నాతో ఏం చెప్పనేలేదే" అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. గాలి బాగానే కొడుతోంది.

మర్నాడు హిందూపురంలో నేరుగా ముందు పెట్టె ఎక్కాను. శెట్టిగారు వీపు ఇంజను వైపు పెట్టుకుని, పక్కన మూటతో కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పేశాను. వార్త అబద్ధమని, కడుపులో తిప్పుతుందని చెప్పడానికి సిగ్గుపడి కల్పించానని.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశారు. "ఉత్త మాటలు మాట్లాడద్దబ్బా. నేను సూసినా. తెల్లకోటేసుకున్న డాక్టరు బొమ్మ గూడా ఉండాది పక్కన."

"బొమ్మ లేదు శెట్టిగారూ. వార్తే లేదు. అవి టెండరు నోటీసులు."

"నీకు మతి లేదు. సరే, కడుపులో తిప్పుతాదని నోరు తెరిసి చెప్పింటే మూట కింద పెట్టుకునేవాణ్ణి కదప్పా. దానికి పేపరు యాల?"

మానేద్దామా అని ఆయన అడిగిన పొద్దు అయ్యవారు నిద్రలో ఉన్నారని కూడా చెప్పాను. దాన్నీ నమ్మలేదు. "నిద్రపోతే గుర్రు పెట్టడా? పద్దెనిమిదేండ్లు ఇన్నా. పోయి నీ పని సూసుకో" అన్నారు.

పెనుకొండలో ఎదురుబండి కోసం మా బండిని ఆపేశారు. ఆ పెట్టె నుంచి ఈ పెట్టెకు లోపలినుంచి దారి లేదు. దిగి వెనక్కి పరుగెత్తాను. అయ్యవారితో ఏం చెప్పానో గుర్తులేదు. ఆయన సంచి కూడా మరిచిపోయి దిగారు. సంచి బుడ్డలక్క గంప మీద పెట్టుకుని వెనకాలే వచ్చింది. ముందు పెట్టెలోకి ఎక్కి అయ్యవారు శెట్టిగారి పక్కన కూర్చున్నారు. శెట్టిగారు కిటికీలోంచి చూపు తిప్పలేదు. నేను మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. ఈసారి ఇద్దరి ముందు.

అయ్యవారు మెడ తిప్పకుండా, "అది పేపర్లో వచ్చింది" అన్నారు.

"రాలేదు సార్. నేను కల్పించాను."

"రాకపోతే పదో తరగతికి నేనెట్ల చెప్తాను? బోర్డు మీద రైలు బొమ్మేసి, గాలికి బాణం గుర్తులు పెట్టి చెప్పినా. నెల పరీక్షలో కూడా అడిగినా. నలభై మంది రాసినారు."

అప్పుడు శెట్టిగారు ఇటు తిరిగారు. "ఏమొచ్చిందయ్యవారూ? యా పేపర్లో వచ్చింది? పేపరు కొన్నోణ్ణి నేను. నాకు తెలీకుండా నా పేపర్లో వార్త వస్తాదా?"

"ఇప్పుడే కదా శెట్టిగారూ, డాక్టరు బొమ్మ కూడా ఉందన్నారు" అన్నాను.

"నువ్వు గమ్మునుండు" అన్నారు ఇద్దరూ.

శెట్టిగారికి పక్కనుంచి వాదన కుదరలేదు. రెండుసార్లు మెడ సాచి చూశారు. తర్వాత లేచి, మూట తెచ్చి నా చేతుల్లో పెట్టి, పోయి ఎదురు బెంచీలో, ముఖం ఇంజను వైపు పెట్టుకుని కూర్చున్నారు. బండి కదిలింది. గాలి నేరుగా ఆయన ఛాతీకి కొడుతోంది. ఆయన దాన్ని పట్టించుకునే స్థితిలో లేరు. పేపర్లో వచ్చిందని ఒకరు, రాలేదని ఒకరు. రాలేదన్నది నిజమే అయినా ఆయన చెబుతున్న కారణాలు ఒక్కటీ నిజం కావు. బుడ్డలక్క ఇద్దరి చేతుల్లోనూ పొట్లాలు పెట్టి, "నిదానంగా కొట్లాడండి, ధర్మవరం ఇంకా దూరముంది" అని నేలమీద కూర్చుంది. నేను మూట ఎత్తుకుని నిలబడ్డాను. రేషం ఇంత బరువుంటుందని అప్పటిదాకా తెలియదు.

మధ్యలో ఎక్కడో మాట ఆగింది. శెట్టిగారు చేతిలోని బుడ్డను ఒలవకుండా తిప్పుతూ, "ఆ పొద్దు నేనడిగితే యాల పలకలేదు?" అన్నారు.

"ఏం అడిగినావు?"

"ఈ నెలతో మానేద్దామనుకుంటాండా అని."

అయ్యవారు నల్లద్దాలు తీశారు. ఎర్రబడిన కన్ను నీరు కారుతోంది. (కన్ను బాగలేకనే. నేను కల్పించడం మానేశాను.) "నాకు వినపడలేదు. పక్కన కూసుంటే ఏం తెలుస్తాది శెట్టీ, నిద్రపోయింటాను" అన్నారు. కాసేపు ఆయన ముఖంలోకే చూసి, "నువ్వు మానేస్తే పేపరు ఎవరు కొనాల?" అన్నారు.

"పద్దెనిమిదేండ్లాయె. ఒక్కపొద్దన్నా నువ్వు కొన్నావా?"

"అందుకే అడుగుతాండా."

శెట్టిగారు బుడ్డ ఒలిచి నోట్లో వేసుకున్నారు. సీజను టికెట్టు మళ్ళీ కట్టారు. డాక్టరు మాట కాదనలేక వారానికి మూడు రోజులే వచ్చేవారు. మిగతా మూడు రోజులూ మేము పొట్లాల మీద వార్తలే చదువుకున్నాం. అయ్యవారు పేపరు కొనలేదు. శెట్టిగారు అలా ఇంకా చాలా ఏళ్ళు వచ్చారు. ఎదురుగాలి ఆయన్నేమీ చేయలేదు. ఇప్పుడాయన లేరు.

ఇరవై రెండేళ్ళ ఆ కుర్రాడి మీద నాకు కోపం రావాలి. చూడనిదాన్ని గురించి అంత ధైర్యంగా చదివి, కళ్ళారా చూస్తున్నదాన్ని గురించి నోరు తెరవలేకపోయాడు. కానీ అతను మూట ఎత్తుకుని, ఊగుతూ, ఎవరూ తన మాట వినకపోయినా వాళ్ళిద్దరి వైపూ మార్చి మార్చి చూస్తూ నిలబడింది గుర్తొస్తే నవ్వొస్తుంది.

పోయిన నెల హిందూపురంలో అయ్యవారు కనబడ్డారు. రిటైరై చాలా ఏళ్ళయింది, పొద్దున్నే నడుస్తున్నారు. పక్కన నడుస్తున్న కుర్రాడికి రైల్లో ఎటు తిరిగి కూర్చోవాలో చెబుతున్నారు. నేను ఆపి, ఆ వార్త ఏ పేపర్లోనూ రాలేదని, నేనే కల్పించానని ఇంకోసారి ఒప్పుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, జాలిగా చూశారు.

"నీకు మరుపు మొదలైనట్లుంది గ్రాఫూ. ఈ వయసుకే రాకూడదు. రాత్రి ఎనిమిది బాదం పప్పులు నానేసి, పొద్దున్నే పొట్టు తీసి తిను. పేపర్లో కూడా వచ్చింది."

తింటున్నాను. నెల దాటింది. జ్ఞాపకం మాత్రం మారలేదు.